రోజుకో చుక్క గ్రూపులో దొంగ

"బ్యాగులో ఏంటి?"

"చుక్కలు మేడం."

అమావాస్య వెళ్ళిన తెల్లారి, పొద్దున ఆరున్నరకి, చెక్‌పోస్టు దగ్గర బండి ఆపి అడిగితే ఎవడైనా చెప్పే జవాబేనా ఇది? ఫారెస్టు బీట్ ఆఫీసర్ ప్రసూనకి ఒళ్ళు మండిపోయింది. అసలే గంట క్రితం తన బీటులో మూడు టేకు మొద్దులు చూసి వచ్చింది. నిన్న సాయంత్రం దాకా నిక్షేపంగా నిలబడి ఉన్న చెట్లవి. కోసినచోట తడి కూడా ఆరలేదు.

"దిగు. విప్పు."

దిగాడు. నవ్వుతూ దిగాడు, అదింకో నేరం. జుట్టు మంచుకి తడిసింది, ప్యాంటు నిండా పల్లేరుకాయలు, కళ్ళు నిద్రలేక ఎర్రబడ్డాయి. బ్యాగులోంచి ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. సెకండ్‌హ్యాండ్ కెమెరా, మూడు కాళ్ళ స్టాండు, ప్లాస్టిక్ పట్టా, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్టు. ఆఖర్న ఒక టార్చి. దాని మూతికి ఎర్ర గాజుకాగితం చుట్టి రబ్బరు బ్యాండు వేసి ఉంది.

ప్రసూన తన పక్కనున్న వాచర్ పగిడయ్య వైపు చూసింది. ఈ అడవిలో టార్చికి ఎర్ర కాగితం చుట్టేవాళ్ళు రెండు రకాలు. వేటగాళ్ళు, కర్రదొంగలు. వెలుగు దూరానికి కనబడకూడదని చుడతారు.

"ఇదెందుకు?"

"కండ్లకు మేడం. తెల్ల లైటు కొడితే చీకటికి అలవాటైన కండ్లు మళ్ళ మొదటికొస్తయి. అర్ధగంట దాక చుక్కలు సరిగ కనపడవు. ఎర్ర లైటైతే ఏం గాదు."

"రాత్రంతా గుట్ట మీద చుక్కలు చూశావా?"

"అవ్."

"ఒక్కడివేనా?"

"చుక్కలు శాన ఉన్నయి గద మేడం. ఒక్కణ్ణెట్లయిత?"

పేరు సంపత్. ఊరు ఇల్లెందు. సారపాక రోడ్డులో కాగితం మిల్లుకి జామాయిల్ కర్ర కొనే యార్డులో కాటా ఆపరేటరు. లోడు లారీ కాటా ఎక్కితే తూకం చూసి చీటీ ఇస్తాడు. అంటే కర్ర తెలుసు, లారీలు తెలుసు, రాత్రిపూట అడవీ తెలుసు. దొంగకి ఇంతకన్నా ఏం చదువు కావాలి? కానీ బ్యాగు దులిపినా టేకు పొట్టు కూడా రాలలేదు. వదిలెయ్యక తప్పలేదు.

బండి స్టార్ట్ చేస్తూ అతను అన్నాడు. "మా గ్రూపుల చేరుండ్రి మేడం. రోజుకో చుక్క అని. పొద్దుగాల ఆరుకు ఒక బొమ్మ వస్తది. మనసు హాయిగుంటది."

"నా మనసు సంగతి నీకెందుకు? పో."

ప్రసూనకి అనుమానం ఇవాళ కొత్తగా పుట్టింది కాదు లెండి. వేంసూరులో చిన్నప్పుడే పాలవాడి క్యానులో వేలు ముంచి చూసేది. 'నిన్ను చేసుకునేవాడు ఆధార్ కార్డు మెళ్ళో కట్టుకుని రావాలే' అని వాళ్ళమ్మ మొత్తుకునేది. అలాంటి పిల్లకి ఫారెస్టు కొలువు బాగానే అచ్చొచ్చింది. అచ్చిరానిది ఈ బీటే. నాలుగు నెలల్లో పధ్నాలుగు టేకు చెట్లు పోయాయి. రేంజ్ ఆఫీసర్ మెమో చేతిలో పెట్టి, "వచ్చే అమావాస్య దాటేలోగా దొంగ దొరకాలమ్మా. లేదంటే నీ సస్పెన్షన్‌కి రాయక తప్పదు" అన్నాడు. ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. రెండుసార్లు పరీక్ష రాసి, ఎండలో నడక టెస్టు నడిచి తెచ్చుకున్న ఉద్యోగం ఒక్క కాగితంతో పోతుంది.

అందుకే ఆ రాత్రే పాత సిమ్ములో కొత్త వాట్సాప్ తెరిచింది. లారీ ఫొటో పెట్టి, రమణ అని పేరు పెట్టి, టీ హోటల్లో డ్రైవర్ల దగ్గర లింకు సంపాదించి గ్రూపులో చేరిపోయింది.

గ్రూపులో నూట పన్నెండు మంది. ముప్పాతిక లారీ డ్రైవర్లే. రోజుకో చుక్క అనేసరికి సగం మంది వేరే చుక్క అనుకుని చేరారట. చేరాక ఉండిపోయారు. పొద్దున ఆరు కొట్టగానే బొమ్మ దిగింది. శనిగ్రహం. కింద సంపత్ రాత.

'ఇయ్యాల బొమ్మ శనిగ్రహం. దూరంకెళ్ళి చూస్తె గాజు తొడిగినట్టుంటది. దగ్గరికి పోతె మంచు పెళ్ళలు, రాళ్ళు. అంటె కంకర రోడ్డే.'

వెంటనే బిచ్యా అనే డ్రైవరు వాయిస్ మెసేజ్. వెనక ఇంజను మోత. "సంపతన్నా, మన యార్డు రోడ్డు ఫొటో పెట్టి శనిగ్రహం అంటున్నవ్ ఏంది!"

ప్రసూన నవ్వలేదు. బీటు డైరీ వెనక పేజీలో రాసుకుంది. శని అంటే శనివారమా? కంకర రోడ్డు అంటే పాత క్వారీ దారా? ఆ శనివారం సాయంత్రం పగిడయ్యను వెంటబెట్టుకుని క్వారీ దగ్గర పొదల్లో మాటు వేసింది. ఒక ముళ్ళపంది వచ్చి, వీళ్ళను చూసి, దాని దారిన అది పోయింది. దోమలు మాత్రం ఇద్దర్నీ తినేశాయి.

"బిడ్డా, దొంగలు ఫోన్ల బొమ్మలు పెట్టి చెప్పుకుంటరా?" అన్నాడు పగిడయ్య మోకాళ్ళు గోక్కుంటూ.

"నీకు తెలీదు తాతా. ఇప్పుడన్నీ కోడ్‌లే."

వారం తిరిగేసరికి కోడ్‌ల సంగతి ఏమోగానీ, ప్రసూన పావు తక్కువ ఆరుకే లేవడం మొదలుపెట్టింది. బొమ్మ ఐదు నిమిషాలు ఆలస్యమైతే కోపం వచ్చేది. దొంగైనా టైముకి రావాలి కదా అనుకునేది. ఒకరోజు నీలం పొగలో గుప్పెడు నక్షత్రాలు వచ్చాయి. పగిడయ్యకు చూపిస్తే, "ఓస్, పిల్లలకోడి గదా. మా గూడెంల పిలగాండ్లకు గుడ తెలుసు" అని తీసిపారేసి, మళ్ళీ ఫోను లాక్కుని పది నిమిషాలు చూశాడు.

ఇంకోరోజు పక్క గెలాక్సీ. 'ఈ వెలుగు బయల్దేరినప్పుడు భూమ్మీద మనలాంటి మనిషే లేడు. ఇరవై అయిదు లక్షల ఏండ్లు నడిచి వచ్చింది. మీరు కాటా కాడ పావుగంట ఆగలేక హారన్ కొడుతున్నరు.'

ఆ మాటకి ప్రసూన పకపకా నవ్వింది. క్వార్టర్లో ఒక్కతే కూర్చుని నవ్వింది. నవ్వినందుకు తన మీద తనకే అనుమానం వేసింది.

రమణ పేరుతో అతనికి విడిగా మెసేజ్ పెట్టింది. 'సంపత్ గారూ. మీరు రోజూ ఇంత కష్టపడి ఎందుకు పెడుతున్నారు. దీనివల్ల మీకు లాభం ఏమిటి.'

జవాబు చాలాసేపటికి వచ్చింది. 'మా నాయన ఎల్లస్వామి ముప్పై ఏండ్లు బొగ్గు బాయిల పనిచేసిండు రమణన్నా. పగలంత భూమి కిందనే. ఇంటికొచ్చి తిని పడుకునుడే. ఇప్పుడు మోకాళ్ళు పోయి మంచం దిగడు. ఆకాశం సరిగ చూడనే లేదురా అన్నడు ఒకపారి. ఆయన కోసం మొదలుపెట్టిన. మూడేండ్లాయె, ఒక్కరోజు తప్పలే. అంతరిక్ష సంస్థలు రోజు పెట్టే బొమ్మలే, తెలుగుల నాలుగు ముక్కలు రాస్త. లాభం అంటవా, పొద్దుగాల ఆయన దగ్గుకుంట మంచిగుందిరా అని వాయిస్ పంపుతడు.'

ప్రసూన ఆ మెసేజ్‌ని మూడుసార్లు చదివింది. ఇంత బాగా అబద్ధం ఆడేవాడు ఎంత పెద్ద దొంగై ఉండాలి అనుకుంది. కానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అదేం ఖర్మో.

ఈలోగా అతను రోజూ యార్డుకి చెక్‌పోస్టు మీదుగానే పోతూ ఉన్నాడు. ఆమె రోజూ ఆపుతూనే ఉంది.

"మళ్ళా ఆపిన్రా మేడం? నా బ్యాగు మీకు మా అమ్మ కంటె ఎక్కువ ఎరుక."

"నిన్న లేని డబ్బా ఏంటి ఇది?"

"అప్పాలు. అమ్మ పంపింది. తింటరా?"

"డ్యూటీలో తినను."

"డ్యూటీ ఎప్పుడు దిగుతరు?"

"నీలాంటి వాళ్ళు ఉన్నంతకాలం దిగను," అంది. అతను పోయాక చూస్తే డబ్బా చెక్‌పోస్టు బల్ల మీదే ఉంది. విషం ఉందేమోనని పగిడయ్యకు ముందు పెట్టింది. పగిడయ్య నాలుగు తిని బతికే ఉన్నాడు కాబట్టి, మిగిలినవి తను తింది.

అమావాస్య ఇంకో మూడు రోజులుందనగా అసలు ప్రశ్న అడిగింది. 'సంపత్ గారూ. మీరు గుట్ట మీదికి ఏయే తేదీల్లో వెళ్ళారు. నాకు కూడా ఫొటోలు తీయాలని ఆశ.' అతను అమాయకంగా నాలుగు నెలల తేదీలన్నీ పంపాడు. ప్రసూన డైరీ తెరిచి పక్కన పెట్టుకుంది. మొద్దులు దొరికిన తేదీలు, అతను గుట్టెక్కిన తేదీలు. ఒక్కటి కూడా తేడా లేదు.

దొంగ దొరికాడు, ఉద్యోగం నిలబడుతుంది. గంతులెయ్యాలి మరి. ప్రసూనకి అన్నం సహించలేదు.

"ప్రతి అమావాస్యకీ, మర్నాడూ పోయాడు తాతా. సరిగ్గా చెట్లు పడిన రాత్రులే."

పగిడయ్య చుట్ట ఆర్పాడు. "అమావాస్యకు దొంగ పోతడు. దుప్పిని పట్ట చిరుత పోతది. గస్తీకి నువ్వూ పోతున్నవ్. చీకటి అందరికీ పనికొస్తది బిడ్డా."

ఆమె వినలేదు. ఉద్యోగం పోబోయేది పగిడయ్యది కాదు కదా.

అమావాస్య సాయంత్రం ఏడున్నరకి ఇద్దరూ చప్పుడు చెయ్యకుండా గుట్టెక్కారు. పైన చదును బండ మీద ఎర్రటి వెలుగు చిన్నగా కనబడింది. కెమెరా స్టాండు మీద ఉంది. సంపత్ పట్టా మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. అడుగుల చప్పుడుకి లేచి కూర్చున్నాడు.

"రాండ్రి రమణన్నా. ఇంకో పట్టా గుడ తెచ్చిన."

ప్రసూన అనుమానంగా పగిడయ్య వైపు చూసి, మళ్ళీ ఇటు తిరిగింది. "నీకు... ఎట్లా తెలుసు?"

"మా గ్రూపుల డ్రైవర్లందరు వాయిసే పెడతరు మేడం. చేతుల స్టీరింగు ఉంటది, టైపు చేసుడు ఎక్కడిది? రమణన్న ఒక్కడే వాక్యం చివర చుక్క పెట్టి రాస్తడు. అదిగాక నేను చెక్‌పోస్టు కాడ మీ ముందర నిలబడి ఫోన్ చూస్తె, మీరు ఫోన్ల రాస్తుంటరు, నాకు 'రమణ టైపింగ్' అని కనపడ్తది." నవ్వాడు. "మీకు మొహమాటం అనుకున్న. అందుకే ఊకున్న."

అతను పైకి చూపించాడు. "అగో, పిల్లలకోడి."

ఆకాశం నిండా చుక్కలు. ఫోనులో చూసిన బొమ్మలన్నీ అక్కడే ఎక్కడో ఉన్నాయి. ప్రసూనకి చూడాలనిపించింది. ఇంకో నిమిషం అలా నిలబడితే కూర్చుండిపోతానని భయం వేసింది. డైరీ తీసింది.

"ఈ నాలుగు నెలలూ నువ్వు ఇక్కడున్న రాత్రులే కింద చెట్లు నరికారు. నువ్వు ఇక్కడే ఉన్నావనడానికి సాక్ష్యం ఎవరు?"

అతని మొహంలో నవ్వు పోయింది. చీకట్లో కూడా తెలిసింది.

"మీరు... దీనికోసమా గ్రూపుల చేరింది?"

ఆమె డైరీ మూసింది.

"రమణన్నకు మా నాయన ముచ్చట చెప్పిన మేడం. ఎవ్వరికి చెప్పలే. మీరు చుక్కల కోసం వచ్చిన్రనుకున్న. ఇంకొంచెం, నాకోసం గుడ అనుకున్న. తప్పు నాదే." ఫోను తీసి ఆమె చేతిలో పెట్టాడు. "పదండి. ఏం రాయాల్నో రాస్త."

రేంజ్ ఆఫీసర్ పొద్దున వస్తానన్నాడు. అప్పటిదాకా సంపత్ చెక్‌పోస్టు బెంచీ మీదే కూర్చున్నాడు. పగిడయ్య పక్కనే కూర్చుని తన దుప్పటి సగం కప్పాడు. ఆరు కొట్టింది. అతని ఫోను ప్రసూన బల్ల సొరుగులో ఉంది. బొమ్మ వెళ్ళలేదు. మూడేళ్ళలో మొదటిసారి.

ఆరుంబావుకి ఆ సొరుగు మోగడం మొదలైంది. 'నాయన' అని పేరు. ఆగింది. మళ్ళీ మోగింది. ప్రసూన ఎత్తలేకపోయింది, కట్ చెయ్యనూలేకపోయింది.

ఏడింటికి బీటు అవతలి వైపు నుంచి కబురు. రాత్రి ఇంకో రెండు టేకు చెట్లు పడ్డాయి.

రాత్రంతా ఇక్కడే కూర్చున్న మనిషి అక్కడ ఎట్లా నరుకుతాడు? పగిడయ్య తన దుప్పటి మడత పెట్టుకున్నాడు. ప్రసూన సొరుగులోంచి ఫోను తీసి ఇచ్చింది. "సారీ," అంది. ఎంత చిన్న మాటో తనకే తెలిసింది.

సంపత్ కెమెరాలోంచి మెమరీ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. "నాలుగు నెలల ఫొటోలున్నయి. టైము, తారీఖు అన్ని ఉంటయి. సాక్ష్యం అడిగిన్రు గద, చూసుకోండ్రి." బయటికి పోతూనే తండ్రికి ఫోను చేశాడు. "ఏం గాలేదు నాయనా... నిద్రపోయిన... బొమ్మ మర్చిపోయిన."

మధ్యాహ్నానికి యార్డు నుంచి ఇంకో కబురు. ఫారెస్టువాళ్ళు రాత్రంతా కూర్చోబెట్టినవాడు మాకొద్దని సంపత్ గేటు పాసు లాక్కున్నారట. తన ఉద్యోగం కాపాడుకోబోయి అతని ఉద్యోగం ఊడగొట్టింది. ప్రసూన ఆఫీసు కంప్యూటరు ముందు కూర్చుని కార్డు పెట్టి ఏడుపు దిగమింగుతూ ఫొటోలు చూసింది.

అన్నీ ఒకే వైపు తీసినవి. ఉత్తరం. కెమెరా కన్ను చాలాసేపు తెరిచి ఉంచి తీశాడు కాబట్టి, మధ్యలో ధ్రువ నక్షత్రం, చుట్టూ మిగతా చుక్కలు గుండ్రంగా గీతలు గీసినట్టు తిరిగాయి. మన ప్రాంతంలో ధ్రువ నక్షత్రం కిందికి ఉంటుంది. అందుకని ప్రతి ఫొటోలో అడుగున కొంచెం నేల పడింది. ఎండిన వాగు, అవతలి ఒడ్డు, చెట్ల నల్లటి అంచు. మొద్దులు వెతకడానికి ఎప్పుడూ నేలనే చూసే అలవాటు ప్రసూనది. చుక్కలు వదిలి అడుగునే చూసింది.

వాగు మధ్యలో సన్నటి ఎర్రటి దారం ఒకటి కనబడింది.

ఇంకో తేదీ తెరిచింది. అక్కడా ఉంది. ఇంకోటి. ఉంది. దారి లేని చోట బండి వెనక లైటు! టైము పదకొండుంబావు, అటూఇటూ. ప్రతి నెలా రెండు రాత్రులు. అమావాస్య నాడొకసారి, మర్నాడొకసారి. మొదటి రాత్రి నరికిన చోటికి ఫారెస్టువాళ్ళు పోయి కొలతలు రాసుకుంటుంటే, రెండో రాత్రి వాగు దిగి ఇంకో పక్క నరుకుతున్నారు. పైకి చూస్తూ పడుకున్నవాడికి కింద పోయేది ఏం తెలుస్తుంది? కెమెరాకి తెలిసింది.

ఇవాళే ఆ మర్నాడు.

ఆ రాత్రి వాగులో రేంజ్ ఆఫీసర్‌తో సహా ఎనిమిది మంది కాపు కాశారు. పదకొండు దాటాక ట్రాక్టరు వచ్చింది. పైన ఇసుక, ఇసుక కింద టేకు దుంగలు. ఒక ఇటుకబట్టీ బండి అది. డ్రైవరు, కూలీలు, రంపాలు అన్నీ దొరికాయి.

మెమో రద్దయింది. రేంజ్ ఆఫీసర్ చేత ఉత్తరం రాయించుకుని ప్రసూన యార్డుకి తనే వెళ్ళింది. దొంగను పట్టించిన ఫొటోలు సంపత్‌వేనని నలుగురిలో చెప్పింది. గేటు పాసు తిరిగొచ్చింది. సంపత్ మాత్రం లేడు, ఇల్లెందు వెళ్ళిపోయాడట. ఫోను చేస్తే ఎత్తలేదు.

గ్రూపులో మూడు రోజులుగా బొమ్మ లేదు. "సంపతన్నా, చుక్క లేక దిమాక్ పనిచేస్తలేదే" అని బిచ్యా వాయిస్.

నాలుగో రోజు పొద్దున ఆరు కొట్టగానే రమణ గ్రూపులో ఒక బొమ్మ పెట్టాడు. ధ్రువ నక్షత్రం, చుట్టూ వలయాలు, అడుగున ఎర్ర దారం. కింద రాత లేదు. వాయిస్ మెసేజ్ ఉంది. ఆడగొంతు.

"అందరికీ నమస్కారం. నేను రమణను కాదు, డ్రైవర్నీ కాదు. బీట్ ఆఫీసర్ ప్రసూనని. మీలో దొంగ ఉన్నాడని దొంగపేరుతో చేరాను. ఉన్న దొంగను నేనే. ఇవాళ్టి బొమ్మ తీసింది సంపత్ గారు. ఆ ఎర్ర గీత వల్ల నా ఉద్యోగం నిలబడింది. ఆయన్ని రాత్రంతా బెంచీ మీద కూర్చోబెట్టింది నేను. ఎల్లస్వామి గారూ, ఆ రోజు మీకు బొమ్మ రాకపోవడానికి కారణం నేను. మీరు నన్ను తిట్టొచ్చు. కానీ బొమ్మలు ఆపొద్దని మీ అబ్బాయికి చెప్పండి. నాకు... అవి లేకపోతే తెల్లారడం లేదు."

పది నిమిషాలకి దగ్గుతో ఒక వాయిస్ వచ్చింది.

"బిడ్డా, నేను ఎల్లస్వామిని. బొమ్మ మంచిగుంది. మా వోడు మూడొద్దుల సంది మూతి ముడుచుకొని కూసున్నడు, ఇంట్ల పడలేకపోతున్నం. తోలిస్తున్న. అనుమానం మంచిదేలే, బాయిల కూలుతదేమోనని అడుగడుగుకు పైకప్పు తట్టి చూసేటోడే ఇల్లు చేరుతడు. నువ్వు ఒకపారి ఇల్లెందు రా. మీ అత్త అప్పాలు చేస్తదట."

'మీ అత్త' అనే మాట దగ్గర ప్రసూన చెవులు వేడెక్కాయి. డ్రైవర్లు ఈలలు పంపారు.

సాయంత్రం ఆరింటికి చెక్‌పోస్టు దగ్గర తెలిసిన బండి ఆగింది. ఎవరూ ఆపకుండానే ఆగింది. సంపత్ దిగి, తనే బ్యాగు బల్ల మీద పెట్టాడు.

"చెక్ చెయ్యరా మేడం?"

"చేస్తా. ఎందుకు చెయ్యను?" బ్యాగు జిప్పు లాగింది. కెమెరా, స్టాండు, రెండు పట్టాలు, అప్పాల డబ్బా. ఆఖర్న టార్చి, ఎర్ర కాగితంతో. దాని కింద ఇంకో టార్చి. కొత్తది. దానికీ ఎర్ర కాగితమే.

"రెండెందుకు?"

"ఒకటి రమణన్నకు."

ప్రసూన కొత్త టార్చిని వెలిగించి చూసింది, ఆర్పింది, మళ్ళీ వెలిగించింది. బ్యాటరీలు సరిగ్గా ఉన్నాయో లేదో అని మూత తీసి కూడా చూసింది. పగిడయ్య అటు తిరిగి చుట్ట వెతుక్కున్నాడు.

"రమణ రాడు," అంది టార్చి జేబులో పెట్టుకుంటూ. "ఏడింటికి డ్యూటీ దిగి ప్రసూన వస్తుంది."